ముసలోడి మోకాలి మీద కేక

రౌహా ఊరికి తిరిగొచ్చిందన్న కబురు హెల్వికి సౌనాలో తెలిసింది. స్నేహితురాలు ఇంకెరి కావాలనే అక్కడ చెప్పింది. ఆ ఆవిరిగదిలో తిట్టకూడదు, అరవకూడదు, అబద్ధమాడకూడదు. చర్చిలో ఎలా ఉంటారో సౌనాలోనూ అలాగే ఉండాలని ఫిన్లాండు నుంచి వచ్చి థండర్ బేలో స్థిరపడినవాళ్ల ఇళ్లలో పిల్లలకు నడక రాకముందే నేర్పుతారు. బయట చెబితే చేతికందిన గిన్నె ఏ గోడకు తగులుతుందోనని ఇంకెరి భయం. ఆ భయంలో తప్పేమీ లేదు. ఇన్నేళ్ల స్నేహంలో హెల్వి వంటింట్లో సొట్టపడని గిన్నెను ఆవిడ చూసి ఎరుగదు.

"వాగు పక్కన చిన్న ఇల్లు తీసుకుందంట," అంది ఇంకెరి, కింది మెట్టు మీద కూర్చుని కాళ్లు రుద్దుకుంటూ. "మొగుడు పోయాడంట. పిల్లలు ఎక్కడో పడమట ఉన్నారంట. సొంతూళ్లోనే కళ్లు మూయాలని వచ్చేసిందంట, పాపం."

పాపం అన్న మాట దగ్గర హెల్వి చెయ్యి గరిటె మీదికి పోయింది. బకెట్లోని నీళ్లు నిండా ముంచి పొయ్యి మీది రాళ్ల మీద పోసింది. ఆవిరి బుస్సున లేచింది.

"శనివారం శనివారం మన గుర్రాల బాట మీదే స్కీ వేస్తోందంట. ముసలోళ్ల జట్టుతో."

ఇంకో గరిటె పడింది. ఇంకెరి మెట్టు దిగి నేల మీద కూర్చుంది. మూడో గరిటెకు తువ్వాలు చుట్టుకుని తలుపు తోసుకుని మంచులోకి పరిగెత్తింది. హెల్వి ఒక్క మాట అనలేదు. సౌనా మర్యాద ఎక్కడా తప్పలేదు.

హెల్విని కోపిష్టి అంటే ఊళ్లో ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. బేకరీలో పనిచేసినన్నాళ్లూ మిగిలిన రొట్టె ఒక్కటి పారేయకుండా ఒంటరి ముసలివాళ్ల గుమ్మాల్లో పెట్టి వచ్చేది. ఎవరింట్లో ఎవరు పోయినా ముందు వెళ్లి పొయ్యి రాజేసేది. గిన్నెలు విసరడం వేరు, అది వచ్చీ పోయే జ్వరం. అసలు కోపం ఆమెకు ఒక్కటే ఉంది. దాన్ని నలభై ఏళ్లుగా పాలు పోసి పెంచుకుంటోంది.

ఆ కోపం తెలియాలంటే గాడి సంగతి తెలియాలి. చలికాలం బాట మీద యంత్రం వెళ్తూ మంచులో జంట గాడి వేస్తుంది. అందులో స్కీలు పెడితే దారి తనే మోసుకుపోతుంది. వెనక నుంచి వేగంగా వచ్చేవాళ్లు "గాడీ!" అని ఒక్క కేక వేస్తే, ముందున్న మనిషి రెండు కాళ్లూ బయటపెట్టి పక్క మంచులో నిలబడాలి. ఆ మనిషి మేయరైనా సరే, చర్చి పాదిరి అయినా సరే, కన్నతల్లి అయినా సరే. విని కూడా వదలకపోవడం దాహమన్నవాడి ముందు కుండ బోర్లించడం లాంటిది. అలాంటి మనిషితో ఎవరూ స్కీ వేయరు. కాఫీకి పిలవరు.

హెల్వికీ రౌహాకూ ఇరవై నిండని రోజుల్లో, ఆ ఏడు చివరి పోటీ గుర్రాల బాట మీద జరిగింది. గెలిచినవాళ్లు దేశం జట్టు ఎంపికకు పడమటికి వెళ్తారు. చివరి చుట్టులో 'ముసలోడి మోకాలు' అనే ఎత్తు దగ్గర హెల్వి రౌహాను అందుకుంది. ఎత్తు మధ్యలో బాట మోకాలు మడిచినట్టు తిరుగుతుంది కాబట్టి ఆ పేరు. రౌహా అలిసిపోయింది, మోచేతులు కిందికి జారుతున్నాయి. వెనక నుంచి అది హెల్వికి స్పష్టంగా కనపడింది. గుండెల నిండా ఊపిరి తీసుకుని "గాడీ!" అని అరిచింది. రౌహా వదలలేదు. రెండో కేకకు వ్యవధి లేదు, మోకాలు దాటితే ఇక దిగుడే. హెల్వి తనే పక్క మెత్తటి మంచులోకి దిగింది. తొడల దాకా కూరుకుపోయింది. స్కీ ముక్కు పడిపోయిన చెట్టు కింద ఇరుక్కుని ఫటేలున విరిగింది. తలెత్తి చూసేసరికి రౌహా ఎర్రటోపీ మలుపు దాటేసింది.

"కేక వినపడలేదా అమ్మాయ్?" అని తీర్పరి ఆర్వో అడిగాడు.

"గాలండీ. సరస్సు మీంచి ఒకటే గాలి. ఏమీ వినపళ్లేదు," అంది రౌహా.

గాలి వీచిన మాట నిజమే. మోకాలి దగ్గర చూసినవాళ్లు ఎవరూ లేరు. ఆర్వో భుజాలెగరేశాడు. పడ్డవాడెప్పుడూ చెడ్డవాడు కాడంటారు గానీ, పడ్డ హెల్వి మాత్రం నెల తిరక్కుండా అబద్ధాలకోరు అయింది. "అసలు అరిచిందో లేదో" అని ఒకరు, "ఓడిపోయినవాళ్లకు ఏదో ఒకటి కావాలిగా" అని ఇంకొకరు.

అవన్నీ ఆమె భరించింది. ఆ సాయంత్రం ఇంటికి వస్తూ బండిలో తండ్రి తావెట్టి అడిగిన మాటను మాత్రం భరించలేకపోయింది. ఆ బాట తావెట్టి గొడ్డలితో కొట్టిన బాట. దుంగలు లాగే గుర్రాలు పోయాక, పాత దారిలో పొదలు నరికి స్కీలకు తీర్చినవాడు ఆయనే.

"నిజంగా అరిచావా అమ్మా?"

"అరిచాను నాన్నా."

"సరే," అన్నాడు తావెట్టి. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

నమ్మినవాడు అడగడు. అడిగినవాడు సరే అంటే అది నమ్మకం కాదు, జాలి. ఆయన ఆస్పత్రి మంచం మీద ఉన్నప్పుడు "నన్ను నమ్మావా నాన్నా" అని అడుగుదామని హెల్వి రోజూ వెళ్లింది. రోజూ వాతావరణం గురించి మాట్లాడి వచ్చేసింది. ఆయన ఆ సరేతోనే వెళ్లిపోయాడు.

రౌహాకు దేశం జట్టులో చోటేమీ దొరకలేదు. కోచ్ దొరికాడు. పెళ్లి మాత్రం ఇక్కడే చేసుకుని అతని వెంట పడమటికి వెళ్లిపోయింది. పెళ్లికి ఏలకుల రొట్టెలు హెల్వి పనిచేసే బేకరీకే చెప్పారు. జడలా అల్లి, పైన పంచదార చల్లి, కాఫీతో పెట్టే రొట్టె అది. ఆ రొట్టె లేకుండా వీళ్లకు పెళ్లీ లేదు, చావూ లేదు. హెల్వి ఆ రొట్టెలన్నీ తన చేత్తోనే అల్లింది. ఏలకులు మాత్రం వేయలేదు. ఏలకులు లేని ఆ రొట్టె అంటే పులుపు లేని పులిహోర. పెళ్లిలో గోల పుడుతుందని, రౌహా తల్లి తల కొట్టుకుంటుందని బేకరీ వెనక గదిలో కాచుకుని కూర్చుంది. ఏమీ జరగలేదు. వచ్చినవాళ్లంతా నిశ్శబ్దంగా తిని, మూతి తుడుచుకుని, చాలా బాగుందని చెప్పి వెళ్లిపోయారు. ఈ జనంతో ఇదే బాధ. నిప్పు మీద కూర్చోబెట్టినా వెచ్చగా ఉందంటారు.

ఆ తరువాత హెల్వి ఒన్నిని పెళ్లి చేసుకుంది. ఒన్ని చలికాలం బాటల మీద గాడి వేసే యంత్రం నడుపుతాడు, వారానికి పది మాటలు మాట్లాడతాడు. పిల్లలు పుట్టారు, పెరిగారు. హెల్వి మాత్రం మోకాళ్లను పాడవకుండా దాచుకుంది. ఎండాకాలం కొండ అంచుల మీదికి ఎక్కేది. అక్కడి నుంచి చూస్తే సరస్సు మీద నిద్రపోయే రాక్షసుడి కొండ వెల్లకిలా పడుకుని ఉంటుంది. ఆమె దాన్ని చూడటానికి ఎక్కలేదు, ఊపిరి కోసం ఎక్కింది. ఆగస్టులో బ్లూబెర్రీలకు అడవిలోకి పోతే, బుట్ట నిండాక ఇంకెరి వాళ్లు చెట్టు నీడన నడుం వాల్చేవాళ్లు. హెల్వి బుట్ట మోసుకుంటూ మెరక మీద ఇంకో రెండు చుట్లు తిరిగేది. జనం ఆరోగ్యం కోసం నడుస్తారు. హెల్వి రౌహా కోసం నడిచింది. ఎప్పటికైనా వస్తుంది, అదే బాట మీద వెనక నుంచి అరవాలి, గాడి వదిలించాలి, అందరూ చూడాలి. ఆ ఒక్కటీ జరిగితే చాలు.

శనివారం పొద్దున్నే హెల్వి కొట్టంలో స్కీలకు మైనం రుద్దుతూ కూర్చుంది. బయట చలి చూసి నీలం మైనం తీసింది, మళ్లీ ఆలోచించి దాని మీద ఇంకో పూత వేసింది. పెళ్లికూతురికి తలంటినంత శ్రద్ధగా వేసింది. యంత్రం ఆపి ఒన్ని లోపలికి వచ్చాడు. స్కీల వంక చూశాడు, పెళ్లాం మొహం వంక చూశాడు.

"మోకాలి దగ్గర గాడి లోతుగా వేశా," అన్నాడు. "పక్కన మంచు మెత్తగా ఉంది. మనిషి దిగితే తొడల దాకా పోద్ది."

ఆ వారానికి అతని మాటలు అయిపోయాయి. హెల్వి లేచి మొగుడి బుగ్గ మీద ముద్దు పెట్టింది. ఇంతకంటే మంచి మాట అతను పెళ్లినాడు కూడా చెప్పలేదు.

గుర్రాల బాట మొదట్లో ఒక చెక్క గుడిసె ఉంది. శనివారాలు అక్కడ మంట వేసి, సాసేజ్‌లు పుల్లలకు గుచ్చి కాల్చుకుంటూ, కాఫీ తాగుతూ ముసలివాళ్లంతా కూడతారు. ఎనభై దాటిన ఆర్వో కూడా రెండు కర్రల మీద వచ్చి కూర్చుంటాడు. చుట్టు చిన్నదే. గుడిసె దగ్గర బయలుదేరి, మోకాలెక్కి దిగి, మళ్లీ గుడిసె దగ్గరికే చేరుతుంది. హెల్వి ఎవరినీ పలకరించలేదు. రౌహా అప్పుడే బయలుదేరిందని ఇంకెరి కళ్లతో చెప్పింది.

మోకాలికి ముందే రౌహా కనపడింది, ఈసారి నీలం టోపీతో. వీపు వంగింది, అడుగు చిన్నదయింది. కానీ మోచేతులు జారే తీరు అదే. హెల్వి గొంతు పగిలేలా "గాడీ!" అని అరిచింది.

రౌహా వెంటనే పక్కకు అడుగేసింది. రెండు కాళ్లూ బయటపెట్టి, మోకాలి దాకా మంచులో దిగబడి, కర్రలు దగ్గరికి తీసుకుని నిలబడింది.

"వెళ్లమ్మా, వెళ్లు. బాగా పోతున్నావు," అని నవ్వింది.

హెల్వి దాటిపోయింది. చెంప పగలగొడదామని చెయ్యెత్తితే ఎదుటివాళ్లు ఆ చేతిని ముద్దు పెట్టుకున్నట్టయింది ఆమెకు. గుడిసె దగ్గర ఇంకెరి కాఫీ కప్పుతో ఎదురొచ్చింది.

"ఏమయిందే? వదిలిందా?"

"వదిలింది. వెళ్లమ్మా వెళ్లు అంది. నేనెవరో పోల్చుకోలేదే అది!"

"పోనీలే. మర్చిపోయిందేమో. నువ్వూ మర్చిపో."

"మర్చిపోడానికా నేనిన్నేళ్లు మోకాళ్లు దాచుకుంది? పక్కకు జరుగు."

రౌహా గుడిసె దాటి మళ్లీ ముందుకు పోయేదాకా కాచుకుని, రెండో చుట్టులో మోకాలి మొదట్లోనే అందుకుంది. మళ్లీ అరిచింది. ఈసారి రౌహా నవ్వలేదు. పక్కకు అడుగేస్తూ తూలి, ఒక పక్కకు ఒరిగి పడింది. ఒన్ని చెప్పింది నిజమే, మంచు తొడల దాకా దిగింది. ఒక కర్ర అందనంత దూరం జారింది. హెల్వి వేగం తగ్గించి, పడ్డ మనిషిని తేరిపార చూసింది. చెయ్యి ఇవ్వలేదు. కర్ర అందివ్వలేదు. ఆ రోజు తనకెవరిచ్చారు?

గుడిసె దగ్గర రౌహాను మళ్లీ ముందుకు పోనిచ్చి వెంటబడ్డ మూడో చుట్టుకు ఇద్దరికీ ఊపిరి అందడం లేదు. అప్పుడే సరస్సు మీంచి గాలి లేచింది. స్ప్రూస్ చెట్ల కొమ్మల మీది మంచు రాలి మొహాన కొడుతోంది. ముందు రౌహా మోకాలి మలుపులో ఒక్కో అడుగూ లాక్కుంటూ ఎక్కుతోంది. హెల్వి ఇంకా చాలా కిందే ఉంది, ఆనాటి కంటే దూరంలో. అరవడానికి ఊపిరి తీసుకుంది. ఏమనిపించిందో, అరవలేదు. పక్కన కూర్చున్నవాళ్లను ఉప్పు అడిగినంత మెల్లగా అంది.

"గాడి."

రౌహా ఆగింది. ఒక కాలు తీసింది, రెండో కాలు తీసింది. మంచులో నిలబడింది.

హెల్వి మెల్లగా ఎక్కి ఆమె పక్కకు వచ్చి ఆగింది.

"గాలి వీస్తోంది," అంది.

"ఆ."

"నేను అరవలేదు."

"ఊఁ."

"అయినా వినపడింది."

రౌహా చేతి తొడుగుతో మొహం మీది మంచు తుడుచుకుంది. "ఆ రోజు కూడా వినపడింది, హెల్వీ."

ఈ మాట వింటే ఏం చేయాలో హెల్వి కొన్ని వందల సార్లు అనుకుంది. ఉమ్మేయాలి. నవ్వాలి. కర్రతో ఒక్కటివ్వాలి. తీరా వినేసరికి ఒక్కటీ గుర్తు రాలేదు. కోపం మాత్రం రెట్టింపు అయింది.

"ఇందాక అరిచినప్పుడే పోల్చుకున్నావా?"

"నీ గొంతు ఏం మారింది గనక?"

"మరి వెళ్లమ్మా, వెళ్లమ్మా అని ఆ దొంగ నవ్వేంటే?"

"తెలియనట్టుంటే పోనిస్తావనుకున్నా."

"ఎందుకు వదల్లేదు అప్పుడు?"

"గెలవాలనుకున్నా. అంతే. ఇంకేదన్నా కారణం దొరికితే బాగుండునని నేనూ చాలా వెతికా. లేదు."

"మా నాన్న నన్నడిగాడే," అంది హెల్వి. కర్రను మంచులో కసిగా గుచ్చింది. "ఈ బాట కొట్టినాయన. నిజంగా అరిచావా అని కన్నకూతుర్ని అడిగాడు. నీ గాలి మూలాన. అడిగి, అలాగే పోయాడు."

రౌహా తల దించుకుంది. హెల్వి ఊరుకోలేదు.

"నడు. కింద ఆర్వో ఉన్నాడు, అందరూ ఉన్నారు. అక్కడ చెప్పు."

"చెబితే నన్నిక ఎవరూ కాఫీకి పిలవరు హెల్వీ. నాకిక్కడ ఎవరూ లేరు. నాలుగు రోజులు మనుషుల మధ్య ఉండి పోదామని వచ్చా."

"తెలుసు."

"తెలిసే అడుగుతున్నావా?"

"తెలిసే అడుగుతున్నా. నడు ముందు."

దిగుడంతా రౌహా ముందు, హెల్వి వెనక. గుడిసె దగ్గర రౌహా స్కీలు విప్పి, మంట దగ్గరికి వెళ్లి నిలబడింది. పుల్లలు తిప్పుతున్నవాళ్లు తలెత్తారు. ఆమె ఆర్వో వైపు తిరిగి, గొంతు పెంచకుండా చెప్పింది.

"ఆ చివరి పోటీలో హెల్వి అరిచిందండీ. నేను విన్నాను. విని వదల్లేదు. గాలని మీకు అబద్ధం చెప్పాను."

ఒకాయన సాసేజ్ రెండో వైపు తిప్పాడు. ఒకావిడ కప్పులోకి చూసుకుంది. ఆర్వో మంట వంకే చూస్తూ ఉండిపోయాడు. ఇంకెరి ఒక్కతే నోరు తెరిచి మూయడం మర్చిపోయింది.

హెల్వి ఒకరి తరువాత ఒకరి మొహం చూసింది. ఏలకులు లేని రొట్టె గుర్తొచ్చింది. మళ్లీ అదే, చప్పటి రొట్టె తిని మూతి తుడుచుకుంటున్నారు. ఇందుకా ఇన్నేళ్లు? రౌహా మీద ఉన్న మంట ఒక్కసారిగా ఊరి మీదికి మళ్లింది. ఒక్క క్షణం కూడా ఉండబుద్ధి కాలేదు. కర్రలు తీసుకుని బాట మొదటికి నడిచింది. అక్కడ గాడి మీదే ఓ డజను మంది గుంపులుగా నిలబడి ఉన్నారు. ఎప్పుడూ అంతే, కబుర్లకు చోటు అక్కడే దొరుకుతుంది. వీళ్ల మీదైనా ఒక్క అరుపు అరుద్దామని నోరు తెరిచింది.

అరవక ముందే వెనక నుంచి కర్రల చప్పుడైంది. ఆర్వో. మంట దగ్గర నుంచి లేచి ఎలా వచ్చాడో, ఆమె పక్కగా నడిచి గాడి అంచుకు వచ్చాడు. బూట్లతోనే గాడి దాటి, పక్క మంచులోకి ఒక కాలు పెట్టాడు. తరువాత రెండోది పెట్టాడు. మోకాలి దాకా దిగబడి, రెండు కర్రల మీద ఆనుకుని, టోపీ తీశాడు. ఆయన్ని చూసి గాడి మీదివాళ్లు ఒక్కొక్కరే పక్కకు దిగారు. మంట దగ్గరున్నవాళ్లు కూడా వచ్చి బాట వెంట మంచులో వరసగా నిలబడ్డారు. గాడి మొత్తం ఖాళీ అయింది.

హెల్వి వాళ్ల మధ్య నుంచి పోయింది. పోతూ పోతూ పక్కకు చూసింది. మంట దగ్గర రౌహా ఒక్కతే మిగిలింది. ఆమె ముందున్న కప్పు ఖాళీగా ఉంది, పోయడానికి ఎవరూ లేరు. బాగుందనిపించింది. అబద్ధమెందుకు, చాలా బాగుందనిపించింది.

వరస అయిపోయాక ఒంటరి బాట మొదలైంది. ఆ వరస చివర నిలబడాల్సిన మనిషి ఒకాయన ఉన్నాడు. గొడ్డలి భుజాన వేసుకుని, టోపీ తీసి, ఈ పాటికి నిలబడి ఉండాలి. మోకాలెక్కాక హెల్వి ఆగింది. గాలి ఇంకా వీస్తూనే ఉంది. ముందు బాట మీద పురుగు కూడా లేదు. గుండెల నిండా ఊపిరి తీసుకుంది.

"గాడీ!"

ఆ కేక కింద గుడిసె దాకా వినపడిందని, గాలి ఉన్నా స్పష్టంగా వినపడిందని ఆర్వో తరువాత అందరితో చెప్పాడు. ఎవరూ అడక్కుండానే చెప్పాడు.

సాయంత్రం సౌనాలో ఇంకెరి ఈసారి తలుపుకు దగ్గరగా కూర్చుంది. గరిటె హెల్వి చేతికి దూరంగా ఉందని చూసుకుని మరీ అడిగింది.

"ఇప్పటికైనా కడుపు చల్లబడిందా? రౌహాను క్షమించేసినట్టేనా?"

హెల్వి వీపు గోడకు ఆనించి కళ్లు మూసుకుంది.

"సౌనాలో అబద్ధమాడకూడదు కదే," అంది. "బయటికెళ్లాక అడుగు."